ఫోటోలో పడని కండరం

ప్రభుత్వం కళ్ళతో చూసినదాన్ని నమ్మదు, చెవులతో విన్నదాన్ని అసలే నమ్మదు. ఫోటోలో ఉన్నదాన్ని నమ్ముతుంది. మొక్క నాటితే మొక్క పక్కన నిలబడి ఫోటో, చెయ్యి కడిగితే నురగతో ఫోటో, కుక్కకి సూది వేస్తే కుక్కతో ఫోటో. కుక్క కదిలి ఫోటో చెడితే ఆ సూది పడనట్టే, మళ్ళీ పొడవాలి. ఈ పద్ధతి మీద కుక్కలకి తప్ప ఎవరికీ ఫిర్యాదు లేదు. కానీ మనిషి ఒంట్లో ఫోటోలో పడని కండరం ఒకటుందనీ, దానికో వ్యాయామం కూడా ఉందనీ పైవాళ్ళకి తెలిసిన నాటి నుంచీ గొప్పిలివలస ఏరియా ఆసుపత్రికి శని పట్టుకుంది.

ఆ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు వాగ్దేవి. ఆవిడ ఉద్యోగం కాంట్రాక్టుది, ఆవిడ గది పద్నాలుగో నంబరుది. అంతకు ముందు ఆ గదిలో విరిగిన మంచాలు ఉండేవి. వాటిని బయట పెట్టించి, చాపలు పరిచి, తలుపు మీద 'నడుం నొప్పి గది' అని రాయించింది. నిజానికి అక్కడికి వచ్చే పదకొండు మంది ఆడవాళ్ళలో నడుం నొప్పి ఉన్నది ఇద్దరికే. మిగతావాళ్ళది మొగుడికి చెప్పుకోలేని బాధ, డాక్టరుకి చెప్పడానికి నోరు రాని బాధ. దగ్గితే, తుమ్మితే, బరువెత్తితే చీర తడుస్తుంది. ఆ పేరు తలుపు మీద రాస్తే ఒక్క మనిషి కూడా ఆ గుమ్మం తొక్కదని వాగ్దేవికి తెలుసు. నడుం నొప్పి మాత్రం ఎంత మర్యాదస్తులకైనా ఉండొచ్చు.

వాళ్ళలో నరసమ్మ ఒకతె. ఏభై రెండేళ్ళ మనిషి, నలుగురు పిల్లల తల్లి. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పని. నలభై మంది ఆడవాళ్ళు వరసగా పీటలేసుకుని కూర్చుని, చేతులు పప్పుకీ నోళ్ళు పరాచికాలకీ అప్పగించే చోటు అది. ఆ నలభై మందినీ నవ్వించడంలో నరసమ్మ అందెవేసిన చెయ్యి. తన హాస్యానికి తనే ముందు నవ్వే రకం. అదే ఇప్పుడు మీదికొచ్చింది.

"నవ్వితే తడిసిపోతన్నానమ్మా," అంది మొదటిరోజు, తలుపు వేసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని. "సరే, నవ్వు ఆపుకుంతాను. తుమ్ము ఎలగ ఆపుకోడం? పూటకి ఏడుమాట్లు పీట మీంచి లెగుత్తన్నానని మేస్త్రీ కళ్ళెర్రజేసినాడు. మూడు నెల్లు సూత్తాడంట. అప్పటికీ ఇలగే ఉంతే నా పీట మీద ఇంకోల్లని కూకోబెడతాడంట."

"మూడు నెలలంటే పన్నెండు వారాలు. సరిగ్గా సరిపోతుంది పిన్నీ," అంది వాగ్దేవి.

వైద్యం వినడానికి చాలా తేలిక. మూత్రపు సంచిని అడుగు నుంచి మోసే కండరాలు కొన్ని ఉన్నాయి. కాన్పులకీ, బరువులకీ, వయసుకీ అవి సడలుతాయి. వాటిని లోపలికీ పైకీ లాక్కున్నట్టు బిగించి, కాసేపు పట్టి, మెల్లగా వదలాలి. పూటకి పది మార్లు, రోజుకి మూడు పూటలు. అంతే. అయితే ఒక నియమం ఉంది, దాన్ని వాగ్దేవి రోజూ పాఠం చెప్పినట్టు చెప్పేది. "మొహం మామూలుగా ఉండాలి. ఊపిరి ఆడుతూ ఉండాలి. ముక్కకూడదు. ముక్కితే కండరం కిందికి జారుతుంది, ఉన్నది కూడా పోతుంది. మీరు చేస్తున్నట్టు పక్కనున్న మనిషికి తెలిసిందంటే తప్పు చేస్తున్నారన్నమాట."

"అయితే పప్పు ఒలుత్తూ కూడా సేసుకోవచ్చునా?"

"పెళ్ళి పందిట్లో కూర్చుని కూడా చేసుకోవచ్చు."

నాలుగు వారాలకి నరసమ్మ పీట మీంచి లేవడం పూటకి ఏడు నుంచి మూడుకి దిగింది. ఐదో వారంలో కార్యక్రమం వచ్చి పడింది.

దాని పేరు 'కటిబద్ధ'. రాజధానిలో ఎవరో పెద్దాయన ఎక్కడో ఏదో చదివి, రాష్ట్ర ప్రజల అడుగు కండరాలన్నిటినీ ఒక్క ఏడాదిలో దృఢపరచాలని సంకల్పించాడు. గోడపత్రికలు వచ్చాయి, నినాదం వచ్చింది: 'బిగిద్దాం, ఎదుగుదాం'. వాటి వెనకాలే ఫోన్‌లో వేసుకోవాల్సిన యాప్ వచ్చింది. అందులో ఒక్కో రోగికి రెండు ఫోటోలు పెట్టాలి. వ్యాయామం చేయక ముందు ఒకటి, చేస్తుండగా ఒకటి. వాగ్దేవి పదకొండు మందికీ ఇరవై రెండు ఫోటోలు తీసి పంపింది. మూడో రోజుకి జిల్లా కార్యక్రమ అధికారి నుంచి మెమో దిగింది.

'మీరు పంపిన ఛాయాచిత్రములలో మొదటిదానికిని రెండవదానికిని ఎట్టి భేదమును కానరాకుండుట గమనించడమైనది. ఒకే చిత్రమును రెండుమారులు పంపి కార్యక్రమమును మోసగించినట్లు ఏల భావించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

కండరం లోపల ఉంటుంది కనక బయటికి తేడా కనిపించదని వాగ్దేవి వినయంగా జవాబు రాసింది. దానికి తిరుగు టపాలో ఇంకో మెమో.

'సదరు కండరము లోపల నుండుట పర్యవేక్షణకు ప్రతిబంధకముగా నున్నది. దానిని కనుపించు ప్రదేశమునకు మార్చు అవకాశములను పరిశీలించి నివేదిక సమర్పించవలెను.'

వాగ్దేవి ఆ కాగితం పట్టుకుని ఆఫీసు గదిలో సీనియర్ అసిస్టెంటు బెహరా సాంబమూర్తి దగ్గరికి వెళ్ళింది. సాంబమూర్తి ఆ ఆసుపత్రిలో ఇరవై ఏడేళ్ళుగా ఉన్నాడు. ఆయనకి రోగులెవరూ తెలియరు గానీ మెమోలన్నీ కంఠతా వచ్చు.

"ఇదేం మాటండీ? దేవుడు పెట్టిన చోట ఉంది కండరం. దాన్ని నేనెక్కడికి మార్చను?"

"మార్చమనలేదు కదా మేడమ్, అవకాశాల్ని పరిశీలించమన్నారు," అన్నాడు సాంబమూర్తి అద్దాలు తుడుచుకుంటూ. "పరిశీలనలో ఉంది అని రాసీండి. పరిశీలనలో ఉన్నదాన్ని ఈ దేశంలో ఇంతవరకూ ఎవరూ కదపలేదు."

పరిశీలనలో ఉందని రాసింది. దాంతో అధికారికి అనుమానం బలపడి స్వయంగా బయల్దేరాడు.

ఆయన పేరు డాక్టర్ వైకుంఠరావు. వైద్యం చదివిన మాట నిజమే గానీ, రోగిని ముట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. ఫైళ్ళ మీదే నాడి చూస్తున్నాడు. వచ్చీ రాగానే పద్నాలుగో నంబరు గదిలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎదురుగా చాపల మీద పదకొండు మంది ఆడవాళ్ళు, నడుం నొప్పి మొహాలు పెట్టుకుని.

"ఊఁ, ప్రారంభించండి."

"చేస్తున్నారు సర్," అంది వాగ్దేవి.

వైకుంఠరావు కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. ఒకావిడ ఫ్యాను కేసి చూస్తోంది. ఒకావిడ గాజులు సర్దుకుంటోంది. నరసమ్మ ఆయన కేసే ఎంతో ప్రేమగా చూస్తోంది.

"ఏం చేస్తున్నారు? వీళ్ళు కూర్చున్నారు!"

"బిగించారు సర్. పట్టి ఉంచారు... ఇప్పుడే వదిలారు."

"నా సమక్షంలో బిగించి నా సమక్షంలోనే వదిలితే నాకు కనిపించొద్దా?"

"తమరికి కనిపిత్తే మాకు సిగ్గు కదా బాబూ," అంది నరసమ్మ. గదిలో పది మందీ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

వైకుంఠరావు లేచి నిలబడ్డాడు. "చూడమ్మా. క్షేత్రస్థాయిలో దృశ్యమాన ఫలితం లేని ఏ కార్యక్రమాన్నీ నేను పైకి నివేదించలేను. శ్రమ అన్నాక మొహంలో తెలియాలి. బండ ఎత్తేవాడి మొహం చూడు, బావి తవ్వేవాడి మొహం చూడు. ఇంత ప్రజాధనం వెచ్చించి ఒక కండరం బిగిస్తుంటే, మొహం ఇంత ప్రశాంతంగా ఉండటం ఏం సబబు?" అంటూ తనే చేసి చూపించాడు. పళ్ళు బిగించి, కళ్ళు ఉరిమి, మెడ నరాలు ఉబ్బించి, ఊపిరి బిగబట్టి ఒక్క ముక్కు ముక్కాడు. మొహం పండు మిరపకాయ రంగుకి వచ్చింది. "ఇదీ బిగింపంటే."

"సర్, అలా ముక్కితే ఉన్న కండరం కూడా పాడవుతుంది సర్. పుస్తకంలో..."

"పుస్తకానికి సమీక్షా సమావేశం ఉండదమ్మా. నాకుంటుంది." వెళ్తూ గుమ్మంలో ఆగి గదిని నాలుగు మూలలా చూశాడు. "ఎన్నికల పెట్టెలకి చోటు చాలక ఇబ్బందిగా ఉంది. మీ ప్రగతి ఇలాగే ఉంటే ఈ గది వాటికి కేటాయించాల్సి వస్తుంది."

రెండు రోజులు తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. మొహంలో కనిపించే బిగింపుకి ఐదు స్థాయిలు నిర్ణయించారు. నుదురు ముడత పడితే మొదటి స్థాయి. పళ్ళు కనిపిస్తే రెండు. కనుగుడ్లు ముందుకొస్తే మూడు. మెడ నరాలు తేలితే నాలుగు. నాలుగుకి తోడు చెమట కూడా పడితే ఐదు. మూడో స్థాయికి తక్కువైన ఫోటోని యాప్ తీసుకోదు. ప్రతి రోగికీ బొమ్మల పటం ఒకటి ఉచితంగా ఇచ్చారు, ఇంట్లో గోడకి తగిలించుకోవడానికి.

వాగ్దేవి ఆ పటాలు పంచవలసి వచ్చింది. పట్టించుకోవద్దని నోటితో చెప్పింది గానీ, అచ్చులో ఉన్నమాట ముందు నోటిమాట ఎంత? పటం మీద రాజముద్ర కూడా ఉంది. ఆడవాళ్ళు ఇంటికెళ్ళి పటం ముందు కూర్చుని, సర్కారు చెప్పినట్టే భక్తిగా ముక్కారు.

ఏడో వారం సోమవారం నాడు నరసమ్మ చాప మీద కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని ఉంది.

"ఏమైంది పిన్నీ?"

"మొన్న పది మాట్లు లెగిసినాను. నిన్నయితే లెగిసీసరికే అయిపోయింది, పీట తడిసిపోయింది." నరసమ్మ కుచ్చెళ్ళు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "పక్క పీటమీది పిల్ల సూసింది. సూసి, సూడనట్టు అటు తిరిగిపోయింది. తిట్టినా బాగుండునమ్మా. నానేటి తప్పు సేసినాను? రోజూ ఐదో నంబరు దాకా ముక్కుతన్నాను కదా!"

వాగ్దేవికి ఒళ్ళు మండిపోయింది. మెమో చించేయాలనిపించింది, ఉద్యోగం మొహాన కొట్టి పోవాలనిపించింది. కానీ ఆవిడ పోతే ఈ గదిలోకి పెట్టెలొస్తాయి. పెట్టెలకి తడి, పొడి తేడా తెలియదు. ఇంకా ఐదు వారాలుంది. ఆ రాత్రంతా ఆలోచించి, మర్నాడు పదకొండు మందినీ కూర్చోబెట్టి తలుపేసింది.

"ఇవాళ్టి నుంచి రెండు రకాల వ్యాయామం. పది గంటలకి ఐదు నిమిషాలు సర్కారు వ్యాయామం. అప్పుడు మొహం ఎంతైనా తిప్పండి, కింద మాత్రం కదపొద్దు, ముక్కొద్దు. ఫోటో అయిపోయాక మన వ్యాయామం. అప్పుడు మొహం కదపొద్దు."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అందరికంటే ముందు అర్థమైంది నరసమ్మకే. "అయితే మొగం సర్కారుది, అడుగు మనది. అంతేనా?"

"అంతే."

"ఓలమ్మ, అదెంత పని!"

జీడిపప్పు ఫ్యాక్టరీలో మేస్త్రీ నడకనీ, వాడి పెళ్ళాం అరుపునీ పాతికేళ్ళుగా అనుకరిస్తున్న మనిషికి మొహం తిప్పడం ఒక లెక్కా? మిగతా పదిమందికీ ఆవిడే గురువైంది. కనుగుడ్లు ఎంతవరకు తేవాలో, నుదుటి మీద నీళ్ళ చుక్కలు ఎక్కడ చల్లాలో నేర్పింది. ఆ వారం గొప్పిలివలస నుంచి వెళ్ళిన పదకొండు ఫోటోలూ ఐదో స్థాయివే. సాంబమూర్తి వాటిని యాప్‌లో ఎక్కిస్తూ, "మేడమ్, ఇవి చూస్తే నాకే భయమేస్తోంది. తప్పకుండా మొదటి ర్యాంకు," అన్నాడు.

అన్నట్టే జిల్లా రాష్ట్రంలో మొదటి స్థానానికి ఎగబాకింది. వైకుంఠరావు పేరు మారుమోగిపోయింది. ఆ ఉత్సాహంలో ఆయన కార్యక్రమాన్ని రోగులతో ఆపలేదు. ఉద్యోగులంతా ఆదర్శంగా నిలవాలని ఉత్తర్వు చేశాడు. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజుకీ దస్తావేజుకీ మధ్య ముక్కారు. తహసీల్దారు ఆఫీసులో అర్జీ పట్టుకొచ్చిన రైతు, ఎదురుగా గుడ్లురిమి చూస్తున్న గుమాస్తాని చూసి అర్జీ కింద పెట్టేసి పారిపోయాడు. అర్జీలు తగ్గడం కూడా కార్యక్రమం ఫలితంగానే నమోదైంది. సమీక్షా సమావేశాలు జాతీయగీతంతో ముగిసేవి కాస్తా ఐదో స్థాయితో ముగియసాగాయి. అందరికంటే ముందు వరసలో, అందరికంటే ఎర్రగా వైకుంఠరావు ఉండేవాడు. ఆయన ఏ పనైనా మనసు పెట్టి చేసే మనిషి. రోజుకి మూడు పూటలు, ఒక్క పూట కూడా తప్పలేదు.

పద్నాలుగో నంబరు గదిలో మాత్రం, పదిగంటల ఐదు నిమిషాల తర్వాత, ఎవరికీ కనిపించని పని నిశ్శబ్దంగా సాగిపోయింది. నరసమ్మ పీట మీంచి లేవడం పది నుంచి ఆరుకి, ఆరు నుంచి రెండుకి దిగింది. పదకొండో వారంలో ఒక పూటంతా లేవలేదు. కానీ తనమీద తనకింకా నమ్మకం కుదరలేదు. ఫ్యాక్టరీలో ఎవరైనా హాస్యమాడితే పెదవి కొరుక్కుని పప్పు కేసి చూస్తూ కూర్చునేది. మేస్త్రీ గడువు ఇంకో వారం ఉంది.

ఆ వారంలోనే రాజధాని నుంచి పరిశీలక బృందం వచ్చింది. కల్యాణమండపంలో సభ. వేదిక మీద పువ్వులు, వేదిక కింద మొదటి మూడు వరసల్లో జిల్లా అధికారులు. ఉత్తమ లబ్ధిదారుగా నరసమ్మని ఎంపిక చేశారు, ఫోటోలు చూసి. ఆవిడ వేదికెక్కి మైకు ముందు ఐదో స్థాయి ప్రదర్శించాలి. అది బాగుంటే కార్యక్రమం ఇంకో ఏడాది, బాగోకపోతే గది పెట్టెలకి. ఆ సంగతి వైకుంఠరావు వాగ్దేవికి మూడుసార్లు గుర్తుచేశాడు.

"మన జిల్లా ముఖచిత్రం ఇవాళ ఈమె ముఖంలో ఉంది," అని మైకులో ప్రకటించి, ఆయన కిందికి దిగి మొదటి వరసలో కూర్చున్నాడు. "సంఘీభావంగా అధికారులందరం మనం కూడా చేద్దాం. ఒకటి, రెండు, మూడు!"

నరసమ్మ నుదురు ముడతేసింది. పళ్ళు బయటపెట్టింది. గుడ్లు తేబోతూ కిందికి చూసింది. ఎదురుగా ముప్పై ఎనిమిది మంది గెజిటెడ్ అధికారులు, మెడల్లో దండలతో, చేతుల్లో ఫైళ్ళతో, ఎర్రగా ఉబ్బి, గుడ్లు మిటకరించి తన కేసే చూస్తున్నారు. పశుసంవర్ధక శాఖాయన కళ్ళజోడు జారి ముక్కు కొసన వేలాడుతోంది.

నరసమ్మ పెదవి కొరుక్కుంది. నవ్వు ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. నరసమ్మ నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది, వంగి నవ్వింది, బల్ల చరిచి నవ్వింది. నెలల తరబడి ఆపుకున్న నవ్వు మైకులోంచి కల్యాణమండపం నాలుగు గోడలకీ కొట్టుకుంది. నవ్వీ నవ్వీ ఒక్కసారిగా ఆగి, అలాగే నిలబడి, కింద చీర తడిమి చూసుకుంది.

"తడవనేదు!" అంది మైకులో. "డాక్టరమ్మా, ఇంత నవ్వినానా, ఒక్క సుక్క తడవనేదు!" కళ్ళమ్మట నీళ్ళు ధారలు కడుతున్నాయి. వాగ్దేవి కూడా అందరి ముందూ ఏడ్చేసింది.

పరిశీలక బృందం పటం తీసి చూసింది. నవ్వుకి స్థాయి లేదు. 'ఉత్తమ లబ్ధిదారు ముఖమున బిగింపు ఏమాత్రము కానరాలేదు. చికిత్స పూర్తిగా విఫలమైనది' అని రాసుకుని, భోజనం చేసి వెళ్ళిపోయింది. గది ఖాళీ చేయాలని సాయంత్రానికల్లా ఉత్తర్వు సిద్ధమైంది.

మర్నాడు పొద్దున్నే తాళమూ, లక్కా, సీలూ పట్టుకుని సాంబమూర్తి వెంటరాగా వైకుంఠరావే వచ్చాడు. వాగ్దేవి చాపలు చుడుతోంది. నరసమ్మ ఫ్యాక్టరీకి పోతూ దారిలో ఆగింది. మేస్త్రీ నిన్నటి నవ్వు సంగతి రాత్రే విని, 'నీ పీట నీదేలే' అన్నాడట. ఆ మాట చెప్పడానికి వచ్చి, ఈ గది సంగతి విని, తనూ ఒక చాప అందుకుంది.

వైకుంఠరావు గదంతా చూశాడు. "సాంబమూర్తీ, నువ్వెళ్ళి టీ తాగి రా," అన్నాడు. సాంబమూర్తి ఇరవై ఏడేళ్ళలో ఏ అధికారీ అలా అనగా వినలేదు. అయినా వెళ్ళాడు. వైకుంఠరావు తలుపు దగ్గరికి వేసి, వేసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, కుర్చీలో ఎంతో జాగ్రత్తగా కూర్చున్నాడు.

"రెండు వారాల నుంచీ... నాకు కొంచెం... నడుం నొప్పిగా ఉంది," అన్నాడు.

ఆ గదిలో ఆ మాటకి అర్థమేమిటో వాగ్దేవికీ నరసమ్మకీ చెప్పనక్కర్లేదు. ఇద్దరూ ఆయన్ని జాలిగా చూశారు.

"దగ్గినప్పుడా సర్?" అంది వాగ్దేవి మెల్లగా.

"దగ్గినప్పుడు. కుర్చీలోంచి లేచినప్పుడు. నిన్న సభలో మూడు లెక్కపెట్టినప్పుడు."

"తగ్గుతుంది సర్. పన్నెండు వారాలు పడుతుంది. కానీ గది..."

వైకుంఠరావు జేబులోంచి ఉత్తర్వు తీసి, అడ్డంగా ఒక గీత గీసి, కింద రాశాడు: 'పరిపాలనా కారణముల దృష్ట్యా గది స్వాధీనము పన్నెండు వారములు వాయిదా వేయడమైనది.' సంతకం చేసి ఇచ్చాడు. ఆ తర్వాత బుద్ధిగా రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పళ్ళు బిగించి, గుడ్లు ఉరమబోయాడు.

"ఓలమ్మ, ఆ మొగం ఒగ్గీండి బాబూ!" అంది నరసమ్మ, చుట్టిన చాప మళ్ళీ పరుస్తూ. "ఊపిరి కూడా ఒగ్గీండి. పెళ్ళి పందిట్లో కూకున్నట్టు కూకోండి."

ఆయన ఊపిరి వదిలాడు. పళ్ళు వదిలాడు. నుదుటి మీది ముడత మాత్రం అలవాటు కొద్దీ కాసేపు అలాగే ఉండి, అదీ మెల్లగా పోయింది. ఆ మొహంలో ఏమీ మిగల్లేదు. ఆయన భయంగా వాగ్దేవి కేసి తిరిగాడు.

"మరి నేను చేస్తున్నట్టు పైవాళ్ళకి ఎలా తెలుస్తుందమ్మా?"

"తెలియదు సర్," అంది వాగ్దేవి. "మీకొక్కరికే తెలుస్తుంది."